వంకాయ గొప్పదా? తోటకూర గొప్పదా?



మన తెలుగువారి భోజనంలో వంకాయకు ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. పెళ్ళి విందులో గుత్తివంకాయ లేకపోతే వచ్చిన చుట్టాలు పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. కొల్లేటి ఒడ్డున పచ్చిరొయ్యలతో కలిపి వండినా, మా పెదవేగి వంటి మెట్ట గ్రామాల్లో అల్లం, పచ్చిమిరప కారం పెట్టి వండినా వంకాయ వంకాయే. తోటకూర సంగతి అలా కాదు. ఎండన పడి వచ్చిన మనిషిని చూసి “తోటకూర కాడలా వాడిపోయాడు” అంటాం. “తోటకూర నాడే చెప్పకపోయావా?” అనే సామెతలో కూడా తోటకూర అంటే లెక్కలోకి రాని చిన్న వస్తువు అనే అర్థం. నూతి గట్టు ప్రక్కన నాలుగు గింజలు చల్లితే నెల తిరక్కుండా కోతకు వస్తుంది. అందుకే కాబోలు, దానిని ఎవరూ అంత గొప్పగా చూడరు.

ఈ రెండింటిలో పోషక విలువ దేనికి ఎక్కువ? ఈ ప్రశ్న ఏ తరగతిలో వేసినా “తోటకూరకే సార్!” అని అందరూ ఒక్కసారిగా అంటారు. “ఎలా తెలుసు?” అంటే మాత్రం “ఆకుకూరలు మంచివి గదా సార్” అంటారు. అది నమ్మకమే గాని ఋజువు కాదు. విజ్ఞానశాస్త్రం చదివే వారు “మంచిది” అనే మాటతో ఊరుకోకూడదు. ఏ పదార్థం విషయంలో మంచిది? ఎంత మంచిది? ఆ మంచి మన ఒంటికి ఎంతవరకు అందుతుంది? ఈ మూడు ప్రశ్నలూ అడగాలి. ఈ వ్యాసంలో ఆ పని చేద్దాం.

తూచి చెప్పిందెవరు?

కూరగాయల్లో ఏమేమి ఉన్నాయో తెలుసుకోవడానికి మనం ఎంతో దూరం వెళ్ళనక్కర లేదు. ఆ పని చేసే గొప్ప సంస్థ హైదరాబాదులోనే ఉంది. 1918 లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన మొదలయింది. దానిని ప్రారంభించినవారు రాబర్ట్ మెక్‌కారిసన్. ఆ చిన్న కేంద్రం పెరిగి పెద్దదై, 1958 లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. మన దేశంలో దొరికే ఆహార పదార్థాల విలువలను ఈ పరిశోధన కేంద్రం మొదటిసారిగా 1937 లో ప్రకటించింది. 1971 లో పెద్ద పుస్తకంగా వచ్చింది. 1989 లో దానిని సవరించారు. 2017 లో 528 రకాల ఆహార పదార్థాలతో పూర్తిగా కొత్త పట్టికలు అచ్చు వేశారు.

ఇక్కడ నేను ఇస్తున్న అంకెలు 1989 నాటి సవరించిన పట్టికలోవి. తరవాతి పట్టికల్లో కొన్ని అంకెలు కాస్త అటూ ఇటూ మారాయి. నేలను బట్టి, విత్తనాన్ని బట్టి, కోసిన సమయాన్ని బట్టి అవి మారుతూనే ఉంటాయి. అయితే ఈ రెండు కూరలకూ మధ్య ఉన్న తేడా తీరు మాత్రం మారలేదు.

తినడానికి పనికివచ్చే భాగం 100 గ్రాములు తీసుకుంటే:

నీరు: వంకాయలో 92.7 గ్రాములు, తోటకూరలో 85.7 గ్రాములు
శక్తి: వంకాయలో 24, తోటకూరలో 45 కిలోకాలరీలు
మాంసకృత్తులు: వంకాయలో 1.4, తోటకూరలో 4.0 గ్రాములు
పీచు: వంకాయలో 1.3, తోటకూరలో 1.0 గ్రాము
కాల్షియం: వంకాయలో 18, తోటకూరలో 397 మిల్లీగ్రాములు
ఇనుము: వంకాయలో 0.38, తోటకూరలో 3.49 మిల్లీగ్రాములు
విటమిన్ ‘సి’: వంకాయలో 12, తోటకూరలో 99 మిల్లీగ్రాములు
కెరోటిన్: వంకాయలో 74, తోటకూరలో 5520 మైక్రోగ్రాములు
ఫోలిక్ ఆమ్లం: వంకాయలో 34, తోటకూరలో 149 మైక్రోగ్రాములు

మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు.

పట్టిక చూడగానే “ఇంకేముంది, తోటకూర గెలిచింది” అని పుస్తకం మూసేయకండి. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

మొదటి అనుమానం - నీళ్ళ సంగతి

పాలలో నీళ్ళు కలిపితే వెన్న శాతం తగ్గుతుంది. పాలలోని వెన్న ఎక్కడికీ పోలేదు, నీరు ఎక్కువైంది, అంతే. అలాగే వంకాయలో నీరు ఎక్కువ కాబట్టి మిగతా అంకెలన్నీ తగ్గి కనిపిస్తున్నాయేమో! ఈ అనుమానం న్యాయమైనదే. దానిని తీర్చుకోవడానికి మీరే ఒక ప్రయోగం చేయవచ్చు.

కిరాణా కొట్లో తూకం వేయించి 100 గ్రాముల వంకాయ, 100 గ్రాముల లేత తోటకూర తీసుకోండి. వంకాయను పలచని చక్రాలుగా తరగండి. రెండింటినీ వేరువేరు పళ్ళాలలో పరచి, పైన పలచని గుడ్డ కప్పి, బాగా ఎండ తగిలేచోట మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి. గలగలమని చప్పుడయ్యేదాకా ఎండిన తరవాత మళ్ళీ తూచండి. వంకాయ ముక్కలు ఏ ఎనిమిది తొమ్మిది గ్రాములో తూగుతాయి. తోటకూర దానికి దాదాపు రెట్టింపు తూగుతుంది. ఎండలో నీరంతా పోదు, కొద్దిగా మిగులుతుంది. ప్రయోగశాలలో అయితే వేడి పెట్టెలో ఉంచి, బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెడతారు. అప్పుడు వంకాయలో 7.3 గ్రాములు, తోటకూరలో 14.3 గ్రాములు మిగులుతాయి.

అంటే నీటి వల్ల వచ్చే తేడా రెండు రెట్లు మాత్రమే అన్నమాట. ఈ కొలబద్దతో పట్టికను మళ్ళీ చూడండి. మాంసకృత్తులు తోటకూరలో వంకాయకంటే దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. అందులో రెండు రెట్లు నీటి లెక్కే. నీరు తీసివేస్తే ఆధిక్యం ఒకటిన్నర రెట్లకు దిగిపోతుంది. కనుక మాంసకృత్తుల కోసం తోటకూరను పొగడడంలో పెద్ద అర్థం లేదు. దానికి పప్పు, పాలు, గుడ్డు, కొల్లేటి చేప ఉన్నాయి.

మరి కెరోటిన్ చూడండి. 74 ఎక్కడ, 5520 ఎక్కడ? దాదాపు 75 రెట్లు! నీటి లెక్క తీసివేసినా 38 రెట్లు మిగులుతుంది. కాల్షియం 22 రెట్లు, ఇనుము 9 రెట్లు, విటమిన్ ‘సి’ 8 రెట్లు, ఫోలిక్ ఆమ్లం 4 రెట్లు. ఇవి నీటివల్ల వచ్చిన తేడాలు కావు. వీటికి వేరే కారణం ఉండాలి.

ఆకు కార్ఖానా, కాయ గోదాము

కారణం వృక్షశాస్త్రంలో ఉంది. ఆకు మొక్కకు కార్ఖానా వంటిది. సూర్యకాంతిని పట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్ళు తెచ్చిన నీటిని కలిపి ఆహారం తయారు చేసేది ఆకే. కార్ఖానాలో యంత్రాలు ఉంటాయి. ఆకులోని యంత్రాలు పత్రహరితమూ, దానితో కలిసి పనిచేసే ఎంజైములూ. ఆ యంత్రాలలో కొన్నిటికి ఇనుము కావాలి. మండే ఎండలో పత్రహరితం పాడైపోకుండా కాపలా కాసేది కెరోటిన్. అందుకే ముదురు ఆకుపచ్చగా ఉన్న ఆకులో కెరోటిన్ ఎక్కువ ఉంటుంది. దాని నారింజ రంగు పైకి కనిపించదు. ఆకుపచ్చ కింద దాగి ఉంటుంది. ఆకు పండి పచ్చబడినప్పుడు పత్రహరితం తొలగిపోయి, దాగిన రంగులు బయటపడతాయి.

కాల్షియం కథ మరీ చిత్రమైనది. వేళ్ళు పీల్చిన నీటిలో కరిగి కాల్షియం పైకి వస్తుంది. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంది. కాల్షియం ఆవిరి కాదు గదా! అది ఆకులోనే నిలిచిపోతుంది. ఉప్పుమళ్ళలో నీరు ఎండి ఉప్పు మిగిలినట్టే ఇదీ. వంకాయకు నున్నని, గట్టి తొక్క ఉంది. దాని నుంచి నీరు ఆవిరయ్యేది చాలా తక్కువ. అందుకే దానిలోకి కాల్షియం వచ్చేదీ తక్కువే.

వంకాయ ఆ మొక్కకు గోదాము. విత్తనాలను దాచి, వాటి చుట్టూ మెత్తని గుజ్జు పేర్చి, తొక్కతో మూసిన పెట్టె అది. కార్ఖానాలో ఉండే యంత్రాలన్నీ గోదాములో ఉండవు. ఇది వంకాయ తప్పు కాదు. దాని పని అది. సొరకాయ, బీరకాయ, దోసకాయ కూడా ఈ జాతివే. కనుక మనం పోలుస్తున్నది నిజానికి రెండు కూరలను కాదు, ఆకును కాయతో పోలుస్తున్నాం.

చీకటి పడితే కనిపించని కళ్ళు

ఇంతకీ ఈ కెరోటిన్ మనకెందుకు? మన కంటిలోని నేత్రపటలంలో మసక వెలుతురులో చూడడానికి ప్రత్యేకమైన కణాలు ఉన్నాయి. వాటిలోని రంగు పదార్థం తయారవడానికి విటమిన్ ‘ఎ’ కావాలి. అది చాలకపోతే సంధ్యవేళ కాగానే పిల్లలు తడుముకుంటూ నడుస్తారు. అదే రేచీకటి. అప్పటికీ పట్టించుకోకపోతే కంటి తెల్లగుడ్డు తడి ఆరిపోతుంది, నల్లగుడ్డు మెత్తబడి పుండు పడుతుంది, చివరకు చూపే పోతుంది. ఒకప్పుడు మన దేశంలో వేలాది పసిపిల్లలు ఇలా గుడ్డివారయ్యారు. దీనిని ఆపడానికి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970 లో ప్రభుత్వం చిన్న పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ‘ఎ’ ద్రావణం ఇచ్చే పథకం ప్రారంభించింది. మీ చెల్లెలికో తమ్ముడికో అంగన్‌వాడీలో చెంచాతో పోసిన పసుపు పచ్చని మందు అదే.

మొక్కల్లో విటమిన్ ‘ఎ’ నేరుగా ఉండదు. కెరోటిన్ రూపంలో ఉంటుంది. దానిని మన పేగులు విటమిన్ ‘ఎ’ గా మార్చుకుంటాయి. ఎంత కెరోటిన్‌కు ఎంత విటమిన్? పూర్వం మన దేశంలో 4 పాళ్ళకు 1 పాలు అని లెక్క కట్టేవారు. తరవాతి పరిశోధనల్లో అంత సులువుగా మారదని తేలింది. ఆకు కణాల్లో ఇరుక్కుపోయిన కెరోటిన్ అంతా బయటకు రాదు. అందుచేత 2001 నుంచి 12 పాళ్ళకు 1 పాలు అనే లెక్క వాడుకలోకి వచ్చింది. ఈ కఠినమైన లెక్కే వేద్దాం. 100 గ్రాముల తోటకూర నుంచి 460 మైక్రోగ్రాముల విటమిన్ ‘ఎ’ వస్తుంది. వంకాయ నుంచి వచ్చేది 6 మైక్రోగ్రాములు. మీ వయసు పిల్లలకు రోజుకు సుమారు 900 మైక్రోగ్రాములు కావాలి. అంటే 200 గ్రాముల తోటకూరతో దాదాపు సరిపోతుంది. అదే వంకాయలతో తీర్చుకోవాలంటే రోజుకు 14 కిలోల పైన తినాలి!

పెదవేగి చుట్టుప్రక్కల వారికి కెరోటిన్‌ను కళ్ళారా చూసే అవకాశం ఉంది. ఏలూరు నుంచి మా ఊరు వచ్చే దారిలో ఆయిల్ పామ్ తోటలు చూసే ఉంటారు. ఆ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 1995 నుంచి పెదవేగిలోనే ఉంది. పండిన ఆయిల్ పామ్ గెలలు నిప్పు కణికల్లా ఎర్రగా మెరుస్తాయి. ఆ రంగు కెరోటిన్‌దే. గెలల నుంచి తీసిన ముడి నూనె కూడా ఎర్రగానే ఉంటుంది. శుద్ధి చేసేటప్పుడు ఆ రంగుతో పాటు కెరోటిన్ కూడా పోతుంది. అందుకే దుకాణంలో కొనే పామాయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది, దానిలో సహజమైన కెరోటిన్ మిగలదు. మన కళ్ళముందు పండే కెరోటిన్ మన కంచంలోకి రావడం లేదు. పెరట్లోని తోటకూర మాత్రం వస్తుంది.

ఒక అంకె తగ్గిన కథ

ఇప్పుడు ఇనుము గురించి ఒక ముఖ్యమైన విషయం. 1971 లో అచ్చయిన పుస్తకంలో 100 గ్రాముల తోటకూరలో ఇనుము 25.5 మిల్లీగ్రాములు అని ఉంది. 1989 లో సవరించిన ప్రతిలో అది 3.49 అయింది! ఏడో వంతుకు పడిపోయింది. వంకాయది కూడా తగ్గింది గాని తోటకూర తగ్గినంత కాదు.

తోటకూర మారిందా? లేదు. కొలిచే పద్ధతులు మెరుగయ్యాయి. ఆకుకూర నేలకు దగ్గరగా పెరుగుతుంది. వాన చినుకులకు చిందిన మట్టి ఆకులకు అంటుకుంటుంది. మా మెట్ట భూముల ఎర్రమట్టికి ఆ ఎరుపు ఇచ్చేదే ఇనుము. ఆకును సరిగా కడగకపోతే, మనం కొలిచే ఇనుములో మట్టి ఇనుము కూడా కలుస్తుంది. విజ్ఞానశాస్త్రం గొప్పతనం ఇక్కడే ఉంది. అచ్చయిన అంకె కదా అని దానిని పట్టుకు వేలాడదు. మళ్ళీ కొలుస్తుంది, తేడా వస్తే దిద్దుకుంటుంది. నేటికీ కొన్ని పుస్తకాల్లో పాత 25.5 కనిపిస్తూనే ఉంటుంది. మీరు చూస్తే అది ఏ సంవత్సరం నాటి అంకె అని అడగండి.

ఈ దిద్దుబాటు ఎందుకు ముఖ్యమో చెబుతాను. 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు సుమారు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మగపిల్లవాడికి 22. పాత అంకె నమ్మితే ఒక్క కట్ట తోటకూరతో ఆ రోజు అవసరం దాదాపు తీరిపోయినట్టే. కొత్త అంకె ప్రకారం తొమ్మిదో వంతే తీరుతుంది. పైగా మొక్కల నుంచి వచ్చే ఇనుములో మన పేగులు పదో వంతు కూడా పీల్చుకోలేవు.

మన దేశంలో 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ తరగతిలో మెట్లు ఎక్కితే ఆయాసపడేవారు, మధ్యాహ్నం కాగానే బల్లమీద తలవాల్చేవారు ఉంటే అది బద్ధకమని నవ్వకండి. రక్తం చాలక కావచ్చు. అటువంటి వారికి “రోజూ తోటకూర తిను, సరిపోతుంది” అని చెబితే మేలు కన్నా కీడే ఎక్కువ. వారు వైద్యుని వద్దకు వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోవాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలంరంగు మాత్ర వేసుకోవాలి. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. చేదని కిటికీలోంచి పారేసే మాత్ర విలువ తెలిస్తే ఎవరూ పారేయరు. తోటకూర ఆ మాత్రకు తోడు మాత్రమే.

ఆకు పేరు పెట్టుకున్న విటమిన్

ఆ నీలం మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ‘ఫోలియం’ అంటే లాటిన్ భాషలో ఆకు. 1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నుల కొద్దీ పాలకూర నుంచి దీనిని కాస్తంత వేరుచేసి, ఆకు పేరే పెట్టారు. ఒంట్లో కొత్త కణాలు పుట్టాలన్నా, రక్తంలో ఎర్రకణాలు తయారు కావాలన్నా, తల్లి కడుపులోని బిడ్డ వెన్నుపాము సరిగా రూపొందాలన్నా ఇది కావాలి.

దీని చరిత్రలో రెండు పేర్లు గుర్తుంచుకోండి. ఒకరు లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు. ఆమె 1928 లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం ఇస్తే వారు కోలుకుంటున్నారని 1931 లో ప్రకటించారు. ఈస్టులో ఉన్న ఆ మేలు చేసే పదార్థం ఫోలిక్ ఆమ్లమేనని తరవాత తెలిసింది.

రెండవ వారు మన ప్రాంతం వారే. 1895 లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో గ్రహణి జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలై, రక్తం తగ్గిపోయి మనిషి క్షీణించే జబ్బు అది. దానికి మందు కనుక్కోవాలనే పట్టుదల ఆయన మనసులో నాటుకుపోయింది. అమెరికా వెళ్ళి, లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. గ్రహణి రోగులకు అది సంజీవిని అయింది. మీరు వేసుకునే నీలం మాత్రలో భీమవరం బిడ్డ శ్రమ ఉంది.

తోటకూరకూ లోపాలున్నాయి

తోటకూరలో 397 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని చదివి పాలు మానేద్దామనుకోకండి. తోటకూరలో ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఎక్కువే ఉంది. అది కాల్షియాన్ని గట్టిగా పట్టుకొని కరగని లవణంగా మారుస్తుంది. కరగనిది ఒంటికి పట్టదు. అందువల్ల ఆ 397 లో కొంత భాగమే మనకు దక్కుతుంది. మూత్రపిండాల్లో రాళ్ళున్న వారిని వైద్యులు ఇటువంటి ఆకుకూరలు తగ్గించమనేది కూడా ఈ ఆక్సాలిక్ ఆమ్లం వల్లనే.

విటమిన్ ‘సి’ సంగతీ అంతే. 99 అనేది పచ్చి ఆకులో ఉన్న విలువ. విటమిన్ ‘సి’ నీటిలో కరుగుతుంది, వేడికి నశిస్తుంది. ఎక్కువ నీళ్ళు పోసి, తెగ ఉడికించి, ఆ నీళ్ళు వార్చి పారబోస్తే అందులో సగం పైన పోయినా ఆశ్చర్యం లేదు. ఫోలిక్ ఆమ్లం కూడా ఇలాగే నష్టపోతుంది.

ఇంకొక మాట. ఆకుకూర ఉడికితే కుంచించుకుపోతుంది. 100 గ్రాముల పచ్చి ఆకు ఉడికితే గుప్పెడు కూర కూడా కాదు. విందు భోజనంలో ఆకు చివర వేసే చెంచాడు తోటకూర వేపుడులో ఉన్నది ఏ 20 గ్రాముల ఆకో. పట్టికలోని అంకెలు మీ కంచంలోకి రావాలంటే ఆ కొలత కూడా రావాలి.

వంకాయ తరఫు వాదన

ఇక వంకాయ వైపు నిలబడి మాట్లాడదాం. 100 గ్రాములకు 24 కిలోకాలరీలే. కాబట్టి కడుపు నిండుతుంది, ఒళ్ళు పెరగదు. పీచులో తోటకూరకు ఏ మాత్రం తీసిపోదు. దాని ఊదారంగు తొక్కలో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంది. గుజ్జులో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంది. వంకాయ కోయగానే నల్లబడేది ఈ పదార్థం గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్లనే. అమ్మ ముక్కలను ఉప్పునీటిలో వేసేది గాలి తగలకుండా ఉండేందుకే. వంకాయ ఆక్సాలిక్ ఆమ్లం గొడవ అంతగా లేనిది. రెండు మూడు రోజులు నిలువ ఉంటుంది. తోటకూర సాయంత్రానికే తల వాలుస్తుంది.

కాని వంకాయకు ఒక గుణం ఉంది. అది స్పంజి వంటిది. గుజ్జు నిండా గాలి గదులే. నూనెలో వేస్తే పీల్చేసుకుంటుంది. ఒక గ్రాము నూనె 9 కిలోకాలరీలు ఇస్తుంది. 100 గ్రాముల వంకాయ 15 గ్రాముల నూనె పీల్చిందనుకోండి, నూనె నుంచి వచ్చేది 135 కిలోకాలరీలు, వంకాయ నుంచి వచ్చేది 24. అప్పుడు మనం తిన్నది వంకాయనా, నూనెనా? కాల్చి పచ్చడి చేసినా, పచ్చిపులుసు పెట్టినా, ఆవిరికి మగ్గించి వండినా ఈ చిక్కు లేదు.

వంటింట్లో విజ్ఞానం

ఇంతవరకు తెలుసుకున్న దానిని ఇంట్లో ఎలా వాడుకోవాలో చూడండి.

తోటకూరను తరగకముందే రెండు మూడు నీళ్ళలో కడగండి. తరిగిన తరవాత కడిగితే మట్టితో పాటు విటమిన్లు కూడా పోతాయి. మురుగునీటి ప్రక్కన పెరిగిన ఆకును వాడకండి. ఏలికపాముల గుడ్లు అటువంటి చోటే ఉంటాయి.

తరిగిన వెంటనే, కొద్ది నీటితో, మూత పెట్టి వండండి. ఆ నీటిని కూరలోనే ఇగరనివ్వండి.

ఒక చెంచా నూనె తప్పక వేయండి. కెరోటిన్ నీటిలో కరగదు, క్రొవ్వులో కరుగుతుంది. నూనె లేని ఆకుకూరలో కెరోటిన్ చాలావరకు వచ్చిన దారినే పోతుంది. పెసరపప్పు వేసి వండి తాలింపు పెట్టే మన పద్ధతి చాలా మంచిది.

పొయ్యి మీద నుంచి దించిన తరవాత నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ ‘సి’ ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. భోజనం కాగానే టీ త్రాగే అలవాటు ఉంటే మానండి, కనీసం గంట ఆగండి. టీలోని పదార్థాలు ఇనుమును పట్టి ఉంచుతాయి.

లేత కాడలను పారేయకండి. కాడల పులుసు రుచికి రుచి, పీచుకు పీచు.

తీర్పు

మొదట వేసుకున్న మూడు ప్రశ్నలకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ఏ విషయంలో మంచిది? కంటికి కావలసిన కెరోటిన్, రక్తానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం విషయంలో తోటకూర చాలా గొప్పది. ఎంత మంచిది? కెరోటిన్‌లో 75 రెట్లు, మాంసకృత్తుల్లో నీరు తీసివేస్తే ఒకటిన్నర రెట్లు. ఎంతవరకు అందుతుంది? కెరోటిన్‌లో పన్నెండో వంతు, ఇనుములో పదో వంతు కూడా కాదు, కాల్షియంలో కొంత భాగం. ఈ కోతలన్నీ వేసిన తరవాత కూడా మన పిల్లలకు ఎక్కువగా లోటు పడే పదార్థాల్లో గెలిచింది తోటకూరే.

అందుకని వంకాయను వీధిలో పారేయనక్కర లేదు. రెండు కూరల మధ్య పోటీ పెట్టింది ఒకదాన్ని మానడానికి కాదు. మన ఇళ్ళలో వంకాయ, దొండకాయ, బంగాళాదుంప రోజూ ఉంటున్నాయి. ఆకుకూర వారానికి ఒకరోజు కూడా ఉండడం లేదు. జాతీయ పోషకాహార సంస్థ పెద్దలు రోజుకు 100 గ్రాముల దాకా ఆకుకూరలు తినాలని సలహా ఇస్తున్నది. వంకాయ కూర ఉన్న రోజునే తోటకూర పప్పు కూడా ఉంటే కార్ఖానా, గోదాము రెండూ కంచంలోకి వచ్చినట్టే. ఏ కూరలోనూ లేని బి-12 విటమిన్ కోసం పాలు, గుడ్డు, చేప వంటివి ఎలాగూ కావాలి.

మీరు చేయవలసిన పని

ఒక కాగితం మీద వారం రోజుల పేర్లు వరుసగా వ్రాయండి. మీ ఇంట్లో ఏ రోజు ఏ కూర వండారో, అందులో ఆకుకూర ఎన్ని రోజులు ఉందో, మీ కంచంలోకి ఎంత వచ్చిందో రోజూ నమోదు చేయండి. తరగతిలో అందరి కాగితాలూ కలిపి ఒక పట్టిక తయారు చేయండి. మీ ఊరి ఆహారం గురించి మీరు స్వయంగా సేకరించిన మొదటి విజ్ఞాన సమాచారం అదే అవుతుంది.

తరవాత ఇంకొక జతను పోల్చండి. మునగకాయ, మునగాకు. రెండూ ఒకే చెట్టువి, ఒకే వేరు తెచ్చిన నీరు త్రాగినవి. దేనిలో కాల్షియం ఎక్కువ ఉంటుంది? ఎందుకు? పుస్తకం తెరవకముందే మీకు జవాబు తెలియాలి. తెలిస్తే ఈ వ్యాసం మీకు అర్థమైనట్టే.